పోలీసుల కంటే ముందు ఎవరి తలుపు తట్టాలి?

ఉదయగిరి మెట్ట ప్రాంతంలోనైనా, అల్లూరు చుట్టుపక్కల వరి పల్లెల్లోనైనా, ఒంగోలు శివారు కాలనీల్లోనైనా ఇంట్లో గొడవ ముదిరితే మనవాళ్లు మొదట వెళ్లేది పోలీస్ స్టేషన్‌కు కాదు. ముందు అన్నదమ్ములకు చెప్పుకుంటారు. ఆ తర్వాత కులపెద్ద, ఆపైన ఊరి పెద్దమనిషి లేదా పార్టీ నాయకుడు. వాళ్లెవరి వల్లా తెగకపోతేనే స్టేషన్. అక్కడికి కూడా ఒంటరిగా వెళ్లరు, ఎస్సైతో పరిచయం ఉన్న ఒకరిని వెంటబెట్టుకుని వెళ్తారు.

పోలీసులను పిలవకుండా ఆపదను దాటే మార్గాల గురించి అమెరికాలో కొన్నేళ్లుగా గట్టి చర్చ నడుస్తోంది. వాళ్లకు అది కొత్త ఆలోచన. మనకు తాతల నాటి అలవాటు. కాబట్టి ఇక్కడ వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. మనకు ఇప్పటికే ఉన్న ఈ దారులు నమ్మదగినవేనా? ఏ ఆపదలో ఏ దారి ప్రాణం నిలబెడుతుంది, ఏది బలహీనుల నోరు నొక్కుతుంది? నెల్లూరు, ప్రకాశం జిల్లాల చరిత్రలో ఈ ప్రశ్నకు మంచి జవాబూ ఉంది, ఘోరమైన జవాబూ ఉంది. రెండూ తెలుసుకోవాలి.

స్టేషన్ మెట్లెక్కడానికి జనం వెనకాడడంలో అర్థం లేకపోలేదు. కేసు అంటే ఏళ్ల తరబడి వాయిదాలు, కూలి పోగొట్టుకుని కోర్టు చుట్టూ తిరగడం. ఆడకూతురు స్టేషన్‌కు వెళ్లిందంటే ఊళ్లో పుట్టే మాటలు వేరు. పైగా స్టేషన్‌లో జరిగేది కూడా చాలాసార్లు పంచాయితీయే. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, నాలుగు మాటలు మందలించి, కాగితం మీద సంతకాలు తీసుకుని పంపేస్తారు. తీవ్రమైన నేరం గురించి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ తప్పనిసరిగా నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో తేల్చి చెప్పింది. కుటుంబ తగాదాల వంటి వాటిలో మాత్రం ముందు ప్రాథమిక విచారణ జరుపుకోవచ్చని కొంత వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటు చాటున ఎన్ని దెబ్బలు రాజీ కాగితాలుగా మారిపోతున్నాయో ఊళ్లలో అందరికీ తెలుసు.

కొన్ని కులాల వాళ్లకు ఈ భయం ఇంకా లోతైనది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశాక, ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టారు. కావలిలో వాళ్ల కోసం సెటిల్‌మెంటు నడిచింది. హాజరు వేయించుకోకుండా ఊరు దాటడానికి లేదు. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయినా అనుమానం పోలేదు. ఊళ్లో దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసెలు వెతుకుతారో చూస్తే చాలు. అలాంటి కాలనీలో ఉన్న మనిషిని ఆపదలో పోలీసులకు ఫోన్ చేయమనడం తేలికే. ఆ ఫోన్ చేయడానికి అతనికి ఎంత ధైర్యం కావాలో మనం ఊహించాలి.

ఇక అమెరికా సంగతి. ఓరెగాన్ రాష్ట్రంలో యూజీన్ అనే ఊరుంది. 1989లో అక్కడి వైట్ బర్డ్ క్లినిక్, నగర యంత్రాంగంతో కలిసి కహూట్స్ అనే సేవ మొదలుపెట్టింది. మతి చలించి రోడ్డు మీద అరుస్తున్న మనిషి గురించో, చచ్చిపోతానంటున్న అమ్మాయి గురించో ఫోన్ వస్తే తుపాకులు లేని ఇద్దరు వ్యానులో వెళ్లేవారు. ఒకరు వైద్య సహాయకుడు, మరొకరు ఇలాంటి సమయాల్లో మాట్లాడడంలో శిక్షణ పొందినవారు. ఆ తర్వాత డెన్వర్ నగరం 2020లో స్టార్ పేరుతో ఇలాంటి పథకమే పెట్టింది. దాని మీద 2022లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఆ బృందాలు తిరిగిన పేటల్లో చిన్నస్థాయి నేరాల ఫిర్యాదులు 34 శాతం తగ్గాయి. తీవ్రమైన నేరాలు పెరిగిన జాడ కనిపించలేదు. అక్కడి వాదన సూటిగా ఉంటుంది. పోలీసులకు వచ్చే ఫోన్లలో చాలా భాగం నేరాల గురించి కావు, జబ్బు గురించీ నిస్సహాయత గురించీ వస్తాయి. వాటికి లాఠీ పట్టిన మనిషి ఎందుకు?

ఆ వాదన మనకు పనికొచ్చేది మొదటగా మానసిక అనారోగ్యం విషయంలో. ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే అన్యాయం ఎవరూ దుర్మార్గులు కాకుండానే జరిగిపోతుంది.

పాతికేళ్ల కుర్రాడు కొన్నాళ్లుగా నిద్రపోవడం లేదు. గోడలతో మాట్లాడుతున్నాడు. ఒక రాత్రి తనకు విషం పెడుతున్నారంటూ తల్లి చేతిలోని కంచం విసిరికొట్టి, గడ్డపార పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. వీధి వీధంతా పోగైంది. ఒకరు తాడు తెమ్మంటారు, ఒకరు సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తారు, ఒకరు పోలీసులకు ఫోన్ చేయమంటారు. ఆ కుర్రాడికి కనిపిస్తున్నది మాత్రం తన మీదికి వస్తున్న యాభై మంది.

ఇక్కడ ఊరు చేయగలిగిన మొదటి మేలు గుంపును వెనక్కి పంపడం. అతనికి నచ్చిన మనిషి ఒక్కరే, మేనమామో చిన్ననాటి స్నేహితుడో, చేతులు కనిపించేలా కాస్త దూరంలో కూర్చుని మాట్లాడాలి. "విషం లేదురా, పిచ్చిమాటలు మానుకో" అని వాదించకూడదు. "భయంగా ఉందా నాయనా? నేను ఇక్కడే కూర్చుంటాను, నీళ్లు కావాలా?" అంటే చాలు. టీవీ, మైకు ఆపేయాలి. పిల్లల్ని పక్కింటికి పంపాలి. కత్తులు, గడ్డపారలు లాక్కోవడానికి మీద పడకుండా, మిగిలినవి అందకుండా తీసేయాలి. ఈలోగా ఇంకొకరు 14416కు ఫోన్ చేయాలి. ఇది టెలిమానస్, 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక సహాయ సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇలాంటి సమయంలో ఇంట్లో వాళ్లు ఏం చేయాలో చెబుతారు. ఆసుపత్రికి తరలించాలంటే 108. నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా పెద్దాసుపత్రులు ఉన్నాయి. అక్కడిదాకా పోయే వ్యవధి లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికైనా తీసుకెళ్లవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణాపాయం ఉన్నప్పుడు మనోవైద్యుడే కానక్కర్లేదు, రిజిస్టరయిన ఏ వైద్యుడైనా 72 గంటల వరకూ అత్యవసర చికిత్స చేయవచ్చు.

అయినా పోలీసులు కావలసి రావచ్చు. అతను ఎవరినైనా గాయపరిచే స్థితిలో ఉంటే పిలవక తప్పదు. అప్పుడు ఫోన్‌లో మొదటి వాక్యంలోనే "ఇది నేరం కాదండీ, జబ్బు మనిషి, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి సాయం కావాలి" అని చెప్పాలి. అదే చట్టంలోని 100వ సెక్షన్ ప్రకారం, మతిస్థిమితం లేక తిరుగుతున్న మనిషిని గానీ, జబ్బు వల్ల తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చే మనిషిని గానీ పోలీసులు తమ రక్షణలోకి తీసుకోవచ్చు. వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. లాకప్‌లో పెట్టడానికి వీల్లేదు. ఈ మాట తెలిసిన ఒక్క మనిషి అక్కడ ఉంటే ఆ రాత్రి నడిచే తీరే మారిపోతుంది.

గొలుసుల గురించి కూడా చెప్పాలి. ఇంటి వెనక గదిలో కాలికి గొలుసు వేసి ఉంచిన మనుషులు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గుడిసెలు అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. గొలుసు వేయడాన్ని 2017 చట్టం ఏ రూపంలోనూ ఒప్పుకోదు. గొలుసు వేసిన తల్లిని తిట్టడం నాకు చేతకాదు. పనికి వెళ్తే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో, బిడ్డ రైలు పట్టాల మీదికి పోకుండా ఆమెకు దొరికిన దారి అదొక్కటే. ఆమెకు ఇంకో దారి చూపించాల్సింది మనం.

నెల్లూరు జిల్లాలో ఆ దారి ఒకటి అనుమసముద్రంపేటలో మొదలు కావచ్చు. మనసు చెదిరిన వాళ్లను ఏఎస్ పేట దర్గాకు తీసుకొచ్చి, అక్కడే రోజుల తరబడి ఉండే కుటుంబాలు ఎన్నో. హిందువులూ వస్తారు, ముస్లింలూ వస్తారు. వాళ్ల నమ్మకాన్ని ఎగతాళి చేసి ఆసుపత్రికి ఈడ్చుకెళ్లాలనుకోవడం పొరపాటు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ దర్గా చూసుకునే ముజావర్లతో మాట్లాడి, దర్గా ప్రాంగణంలోనే మనోవైద్యులు కూర్చునే ఏర్పాటు చేశారు. దువా (ప్రార్థన) ఆగలేదు, దవా (మందు) తోడైంది. ముజావరే "ప్రార్థన అయింది కదా, ఇక ఆ డాక్టరమ్మను కూడా చూడు" అంటే ఇంటివాళ్లు కాదనరు. ఏఎస్ పేటలో ఇలాంటి ఏర్పాటుకు కావలసింది వారానికి కొన్ని రోజులు వచ్చే వైద్యుడు, ఉచితంగా మందులు, దర్గా పెద్దలతో ఓపికగా సాగే సంభాషణ. ఇందులో ఏ ఒక్కటీ మన శక్తికి మించింది కాదు.

పురుగుమందు తాగిన మనిషి విషయంలో అడ్డం పడేది పోలీసు కేసు భయమే. పొగాకు, మిరప పండించే మెట్ట పల్లెల్లో ఈ కబురు వినని ఊరు లేదు. పెద్దాసుపత్రికి వెళ్తే కేసవుతుందని ముందు ఊళ్లో ప్రాక్టీసు చేసే వైద్యుడి దగ్గరికి పరిగెడతారు. అక్కడ గంట పోతుంది. ఆ గంటలోనే ప్రాణం పోతుంది. నిజానికి 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి రావడంతో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్ లేకుండా పోయింది. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నం మాత్రమే ఇప్పుడు నేరం. అంతకుముందే 2017 చట్టం, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ, శిక్షించకుండా సంరక్షణ ఇవ్వాలనీ చెప్పింది. ఆసుపత్రి వాళ్లు పోలీసులకు సమాచారం ఇవ్వడం, వాళ్లు వచ్చి వాంగ్మూలం రాసుకోవడం రివాజు. దాన్ని చూసి బెదిరి ఆలస్యం చేయకూడదు. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పర్మానంద్ కటారా కేసులో ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరికీ కలిపి చెప్పింది. ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడకండి. తడిసిన బట్టలు తీసేసి ఒళ్లు కడిగి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా పారేయకుండా వెంట తీసుకెళ్లండి, దాని మీద పేరు చూస్తేనే వైద్యులు సరైన విరుగుడు ఎంచుకోగలరు. ప్రాణం దక్కాక ఆ మనిషి దగ్గరికి మొదట వెళ్లవలసింది అప్పులవాళ్లూ కాదు, నీతులు చెప్పేవాళ్లూ కాదు. పక్కన కూర్చుని వినేవాళ్లు వెళ్లాలి.

జాతీయ రహదారి మీద దెబ్బతిన్న మనిషిని ఎత్తుకోవడానికి కూడా ఇదే భయం. కావలి దాటాకనో, సింగరాయకొండ దగ్గరో ప్రమాదం జరిగితే చుట్టూ నిలబడతారు గానీ చేయి వేయరు. సాక్ష్యానికి తిప్పుతారని జంకు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019 మోటారు వాహనాల చట్ట సవరణ ఆ జంకును తీసేశాయి. సాయం చేసినవాళ్లు పేరు చెప్పనక్కర్లేదు, సాక్షిగా రమ్మని బలవంతపెట్టకూడదు.

ఇంతవరకూ చెప్పినవి జబ్బు, గాయం. వీటిలో ఊరంతా ఒకవైపే ఉంటుంది. ఇంట్లో ఆడమనిషిని కొట్టే మొగుడి దగ్గరికి వచ్చేసరికి అలా ఉండదు. ఊరు రెండు ముక్కలవుతుంది, పెద్ద ముక్క మగవాడి వైపే నిలుస్తుంది. పెద్దమనుషుల పంచాయితీలో ఆమె వినే మాట ఒకటే: "సర్దుకుపోవమ్మా, ఇద్దరు బిడ్డలున్నారు."

అయితే నెల్లూరు జిల్లా ఆడవాళ్లు ఒకసారి ఆ పంచాయితీనే తిరగరాశారు. కలిగిరి మండలం దూబగుంటలో జరిగింది సారా వ్యతిరేక ఉద్యమమని పుస్తకాల్లో చదువుకుంటాం. నేను దాన్ని గృహహింస మీద సమాజమే వెతుక్కున్న పరిష్కారంగా కూడా చూస్తాను. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో వయోజన విద్య మొదలైంది. రాత్రి బడి పేరుతో ఆడవాళ్లు ఒకచోట చేరారు. చదువు నేర్పే పాఠాల్లోనే సారా వల్ల కూలిన సంసారం కథ వచ్చింది. అది తమ ఇంటి కథేనని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎవరి ఇంట్లో దెబ్బలు వాళ్ల ఇంటి గుట్టుగా ఉన్నంతకాలం కదలని ఊరు, అందరి దెబ్బలూ ఒకే చోటి నుంచి వస్తున్నాయని తేలగానే కదిలింది. వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివాళ్లు ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. తాగి వచ్చినవాడికి అన్నం పెట్టబోమన్నారు. 1992లో ఆ కబురు పల్లె నుంచి పల్లెకు పాకి, నెల్లూరులో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. అప్పుడు పోలీసులు ఎవరి వైపు ఉన్నారో గుర్తుంచుకోవాలి. సారా ప్రభుత్వానికి ఆదాయం, కాబట్టి వేలంపాటకూ కాంట్రాక్టర్లకూ వాళ్లు కాపలా కాశారు. ఆ ఆడవాళ్లు ఫోన్ చేసి పిలవగలిగే పోలీసు అప్పుడు లేడు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. కానీ ఆ కూడికలు చెదిరిపోలేదు. పొదుపు సంఘాలుగా, ఆ తర్వాత డ్వాక్రా సంఘాలుగా, మండల సమాఖ్యలుగా నిలబడ్డాయి.

ఇప్పుడు గృహహింసలో నిజంగా పనికొచ్చే ఊరి తలుపు ఆ సంఘాలదే. సమాఖ్యల్లో ఇలాంటి కేసులు చూసే సామాజిక కార్యాచరణ కమిటీలు ఏర్పడ్డాయి. కొన్నిచోట్ల చురుగ్గా ఉన్నాయి, కొన్నిచోట్ల పేరుకే ఉన్నాయి. చురుగ్గా ఉన్నచోట పని ఇలా సాగుతుంది. దెబ్బలు తిన్న మనిషి సంఘం లీడరుకు చెబుతుంది. ఆ సాయంత్రమే నలుగురైదుగురు ఆమె ఇంటికి వెళ్తారు. భర్తను నిలదీయరు, ముందు ఆమెతో వేరుగా మాట్లాడతారు. "అక్కా, నువ్వు ఇక్కడే ఉంటావా, మాతో వస్తావా? నీ మాటే మా మాట" అంటారు. వచ్చేటట్లయితే ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు సంచిలో పెట్టిస్తారు. ఉండేటట్లయితే, రాత్రి ఏదైనా జరిగితే ఎవరింటికి పరిగెత్తాలో ముందే అనుకుంటారు. మర్నాడూ వస్తారు, ఆ మర్నాడూ వస్తారు. ఇల్లు కనిపెట్టుకుని ఉండే కళ్లున్నాయని తెలిసిన మగవాడి చేయి చాలాసార్లు ఆగిపోతుంది.

ఈ సంఘాలకు వెనక దన్నుగా పోలీసులతో నిమిత్తం లేని చట్టం ఒకటుంది. 2005 నాటి గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అది క్రిమినల్ కేసుతో మొదలుకాదు. జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖలో రక్షణాధికారి ఉంటారు. బాధితురాలే కాదు, పక్కింటివాళ్లు కూడా ఆ అధికారికి సమాచారం ఇవ్వవచ్చు, సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ బాధ్యతా పడదు. అధికారి నివేదిక రాసి మేజిస్ట్రేటుకు పంపుతారు. మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో జరగాలి, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఆ ఇంట్లోనే ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, భర్త దగ్గరికి రాకూడదనే ఆదేశం, ఇవన్నీ అరెస్టు లేకుండానే వస్తాయి. భర్త జైలుకు పోతే ఇల్లు గడవదని భయపడే వాళ్లకు ఈ దారి చాలా ముఖ్యం. అతను ఆ ఆదేశాన్ని మీరితే అప్పుడది నేరమై పోలీసుల పరిధిలోకి వస్తుంది. తలదాచుకోవడానికి నెల్లూరు, ఒంగోలుల్లో సఖి వన్ స్టాప్ సెంటర్లున్నాయి. అయిదు రోజుల వరకు ఉండనిస్తారు, వైద్యం, న్యాయసలహా అక్కడే దొరుకుతాయి. ఫోన్ నంబరు 181.

మరి పెద్దమనుషుల పంచాయితీని పూర్తిగా తోసిపుచ్చాలా? గట్టు తగాదా, నీటి వంతు, అప్పు లెక్క వంటివాటిలో అది కోర్టు కంటే ముందు తేలుస్తుందన్నది నిజం. తీరప్రాంత మత్స్యకార గ్రామాల్లో కాపుల (ఊరి పెద్దల) మాటకు, ఊరంతా కలిసి వేసుకునే దురాయి అనే కట్టుబాటుకు ఎంత బలముందో అక్కడివాళ్లకు తెలుసు. వేట నియమాలు ఆ కట్టుబాటు మీదే నిలుస్తాయి. కానీ ఆ బలం ఊరి పొలిమేర దాటదు. 2020 డిసెంబరులో, అప్పటి ప్రకాశం జిల్లాలోని వాడరేవు, కఠారిపాలెం మత్స్యకారులు వలల విషయంలో కొట్టుకునే దాకా వెళ్లారు. ఏ ఊరి పెద్దలు ఆ ఊరికి పెద్దలు, రెండు ఊళ్లకూ కలిపి పెద్ద ఎవరూ లేరు. చివరకు ప్రభుత్వమే మధ్యలో కూర్చోవలసి వచ్చింది. పొలిమేర లోపల కూడా ఆ బలానికి ఇంకో ముఖం ఉంది, వెలి. మాట వినని కుటుంబానికి నిప్పూ నీళ్లూ బంద్ చేయడం, జరిమానా కట్టేదాకా పలకరించకపోవడం చట్టవిరుద్ధమైనా సాగుతూనే ఉంది.

ఏ పంచాయితీ మంచిదో చూడడానికి నాకు తోచిన పరీక్ష ఒకటుంది. అక్కడ కూర్చున్న అందరికంటే బలహీనమైన మనిషి "ఈ తీర్పు నాకు వద్దు" అని లేచి వెళ్లగలదా? వెళ్లాక ఆమెకు ఆ ఊళ్లో పాలు పోస్తారా, పనికి పిలుస్తారా? ఇద్దరి దగ్గరా ముందే ధరావతు కట్టించుకుని, తీర్పు వినకపోతే అది పోయినట్టేనంటే అక్కడ లేచి వెళ్లే వీలు లేనట్టే. ఆడమనిషి తగాదాలో ఆడవాళ్లెవరూ కూర్చోకపోయినా, మాలపల్లె మనిషి తగాదాను ఊరి నడిబొడ్డున ఇతర కులాల వాళ్లే తీర్చినా ఆ పంచాయితీకి దూరంగా ఉండడమే క్షేమం. లేచి వెళ్లే స్వేచ్ఛతో పాటు రాజీకి చట్టబద్ధత కూడా కావాలనుకునేవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేయవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం. ఇష్టం లేకపోతే సంతకం పెట్టకుండా వచ్చేయవచ్చు.

ఊరే దాడి చేసినప్పుడు మాత్రం ఊరిలో దిక్కు వెతకడం పనికిరాదు. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగింది అదే. ముందురోజు తాగునీటి చెరువు దగ్గర గేదెల విషయంలో మున్నంగి సువార్తమ్మ ఎదురు చెప్పింది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాలకు పరుగెత్తి శిబిరంలో తలదాచుకున్నారు. వాళ్లను కాపాడింది కారంచేడు ఊరు కాదు. చీరాలలో ఆశ్రయమిచ్చిన తోటి దళితులు, ఆ తర్వాత కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్లు నిలబెట్టిన దళిత మహాసభ ఉద్యమం అండగా నిలిచాయి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనక కారంచేడు నెత్తురుంది. సమాజమే అన్నీ చూసుకుంటుందని ఎవరైనా ఉత్సాహంగా అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ మాదిగపల్లె. పోలీసుల మీద ఎంత అపనమ్మకమున్నా, కులం పేరుతో దాడి జరిగినప్పుడు రాతపూర్వక ఫిర్యాదు, ఎఫ్ఐఆర్ ప్రతి చేతికి తీసుకోవడం తప్పనిసరి. స్థానిక స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పంపవచ్చు. రాజీ కుదర్చడానికి వచ్చే పెద్దమనుషులను వాకిట్లోనే ఆపాలి.

పిల్లల మీద లైంగిక హింస జరిగితే ఇంకో మాటే లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి, దాచడమే నేరం. పెళ్లి చేసి సర్దుబాటు చేద్దామనే పెద్దలు ఆ నేరంలో భాగస్తులు అవుతారు. ఒంటరిగా స్టేషన్‌కు వెళ్లడానికి భయమైతే 1098కి ఫోన్ చేయండి, బిడ్డ పక్షాన నిలిచే మనిషి దొరుకుతారు. 2023 నుంచి ఆ సేవను ప్రభుత్వమే నడుపుతూ 112తో అనుసంధానించింది. బాల్యవివాహం అయితే పెళ్లికి ముందే అంగన్‌వాడీ కార్యకర్త ద్వారా ఆమె పై అధికారి సీడీపీఓకు చెబితే తల్లిదండ్రులకు నచ్చజెప్పి ఆపించడం సాధ్యమే.

ఇంతకీ మన ఊళ్లో ఏం కట్టుకోగలం? మనుషులు ఇప్పటికే ఉన్నారు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్, సంఘం లీడరు, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో వీళ్లకు తెలియనిది లేదు. జింబాబ్వేలోని హరారేలో 2006 నుంచి, శిక్షణ పొందిన నానమ్మలు ఆరోగ్య కేంద్రం ఆవరణలో బల్ల మీద కూర్చుని దిగులుతో వచ్చినవాళ్ల మాట వింటున్నారు. దిగులు తగ్గుతోందని 2016లో ప్రచురితమైన పరిశోధన చూపింది. మన ఆశా కార్యకర్తకు ఆ శిక్షణ ఇవ్వడానికి అడ్డేమీ లేదు. ఇప్పుడున్న పని భారం పైన ఊరికే ఇంకొకటి మోపకుండా, దానికి డబ్బు ఇవ్వాలి.

2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు ప్రతి సచివాలయానికీ మహిళా సంరక్షణ కార్యదర్శిని నియమించారు. నా దృష్టిలో అది మంచి ఆలోచన. స్టేషన్‌కు వెళ్లలేని ఆడమనిషి తన ఊళ్లోనే మరో ఆడమనిషికి చెప్పుకునే వీలు. 2021లో వాళ్లను మహిళా పోలీసులుగా మార్చారు, వివాదం కోర్టుకెక్కింది. ఆ పదవికి పోలీసు ముద్ర పడగానే దాని విలువ సగం పోయిందని నా అభిప్రాయం. పోలీసులకు చెప్పలేని మాట వినడానికే ఆ కుర్చీ పుట్టింది.

డబ్బు సంగతి చిన్నది కాదు. యూజీన్‌లో 36 ఏళ్లు పనిచేసిన కహూట్స్ సేవ 2025 ఏప్రిల్‌లో నిధులు లేక ఆ ఊళ్లో ఆగిపోయింది. అంత పేరున్నదే నిలవలేదంటే, పుణ్యానికి పనిచేసే మనుషుల మీద ఆధారపడి ఏర్పాటు చేయడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. రాత్రి రెండు గంటలకు లేచి వెళ్లే మనిషికి గౌరవవేతనం, ఫోను బిల్లు, వెనక్కి వచ్చాక తన బాధ చెప్పుకునే చోటు, ఇవన్నీ లెక్కలో ఉండాలి.

అక్టోబరు 2న గ్రామసభ జరిగినప్పుడు ఈ అంశాన్ని పెట్టించవచ్చు. పెట్టించవలసింది సంఘాల ఆడవాళ్లే, ఎందుకంటే వాళ్లు అడిగితే సర్పంచి కాదనలేడు. 14416, 181, 108, 1098, 15100 నంబర్లు సచివాలయం గోడ మీద, దళితవాడ, గిరిజన కాలనీల్లోనూ పెద్దక్షరాలతో రాయించమని అడగండి. రాత్రిపూట కదలడానికి ఒప్పుకున్న ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగమనిషి పేర్లు తీర్మానంలో రాయించండి, ఆ ముగ్గురూ ఒకే కులం వాళ్లు కాకుండా చూడండి. పెద్దాసుపత్రి మనోవైద్య విభాగంలో ఒకరోజు శిక్షణ కోరుతూ పంచాయతీ పేరున ఉత్తరం పంపించండి. ఆసుపత్రికో సఖి కేంద్రానికో వెళ్లే ఆటో కిరాయి ఏ పద్దు కింద ఇస్తారో అదే సభలో తేల్చి, మినిట్స్ పుస్తకంలో రాయించండి.